అమెరికా అధ్యక్ష ఎన్నిక: ఫలిత పూర్వసూచన

అమెరికా సంయుక్త రాష్ట్రములలో నాలుగేండ్లకొకమారు నవంబరు మాసపు తొలి సోమవారమునకు మరునాడు జరుగు అధ్యక్ష ఎన్నికలో గెలుపు ఎవరిదో పోలింగునకు ముందే నిర్ణయించి చెప్పుట, ఆ దేశమున రెండు వందల యేండ్లుగా పత్రికలకు వ్యాపారముగను, పందెగాండ్రకు వ్యసనముగను, కొందరు పండితులకు శాస్త్రముగను వర్ధిల్లుచున్న విద్య. జనులను నేరుగా ప్రశ్నించుట, ధరవరలను ఆదాయములను బట్టి గణించుట, పందెపు సొమ్ము ఎటు మొగ్గుచున్నదో కనిపెట్టుట, ఏదో యొక జిల్లా తీర్పును దేశమంతటికిని శకునముగా గైకొనుట మొదలుగాగల మార్గములు దీనికి పెక్కు కలవు. ఏ మార్గము త్రొక్కినవారైనను ఒకప్పుడు బ్రహ్మరథము పట్టించుకొనిరి, మరియొకప్పుడు నగుబాటుపాలైరి. అయితే జోస్యము బెడిసిన సందర్భములను ఒక్కొక్కటిగా విప్పి చూచినచో గణితమున దోషము కానవచ్చుట అరుదు. అడుగబడనివారో, అడిగినను బదులీయనివారో, ఆఖరి వారమున మనసు మార్చుకొన్నవారో ఆ దోషమునకు మూలముగా కన్పట్టుదురు.

ఈ విద్యలోని చిక్కు సగము అమెరికా రాజ్యాంగమునందే యున్నది. అచ్చటి అధ్యక్షుని ప్రజలు నేరుగా ఎన్నుకొనరు. ప్రతినిధుల సభ స్థానములు 435, సెనేటు స్థానములు 100, రాజధానియగు వాషింగ్టనునకు ప్రత్యేకముగా 3, మొత్తము 538 మంది ఎలక్టర్లు గల నిర్వాచక గణము అధ్యక్షుని ఎన్నుకొనును; అందు 270 ఓట్లు వచ్చినవాడు విజేత. మెయిన్, నెబ్రాస్కా రాష్ట్రములను మినహాయించినచో, ఒక్క ఓటు ఆధిక్యముతో గెలిచినను ఆ రాష్ట్రపు ఎలక్టర్లందరును గెలిచినవానికే దక్కుదురు. కావుననే 1876, 1888, 2000, 2016 సంవత్సరములలో దేశము మొత్తముమీద తక్కువ ఓట్లు పొందిన అభ్యర్థియే శ్వేతసౌధమున ప్రవేశించెను. జోస్యము చెప్పువాడు జనులు ఎవరిని కోరుచున్నారో కనిపెట్టినంత మాత్రమున చాలదు. ఆ కోరిక ఏ రాష్ట్రమున ఎంత పాళ్లలో పంచుకొనబడియున్నదో కూడ కనిపెట్టవలెను. కాలిఫోర్నియా ఎటు పోవునో చెప్పుటకు పండితుడు అక్కరలేదు. 2024 ఎన్నికలలో పెన్సిల్వేనియా, మిషిగన్, విస్కాన్సిన్, జార్జియా, నార్త్ కెరొలినా, అరిజోనా, నెవాడా అను ఏడు రాష్ట్రములకు చెందిన 93 ఎలక్టర్లను గూర్చియే కోట్లాది డాలర్ల ప్రచారమును, దాదాపు సమస్తమైన జోస్యమును సాగినవి.

పూర్వసూచన కొరకు ఓట్లు సేకరించుట 1824లో ఆరంభమైనట్లు చరిత్రకారులు చెప్పుదురు. ఆ యేడు వేసవిలో డెలావేర్ రాష్ట్రపు విల్మింగ్టన్ పట్టణమున జనులను విచారించి హారిస్‌బర్గ్ పత్రిక యొకటి ప్రకటించిన లెక్కలో ఆండ్రూ జాక్సనునకు 335, జాన్ క్విన్సీ ఆడమ్స్‌నకు 169, తక్కిన యిరువురకును కలిపి 28 ఓట్లు వచ్చెను. దేశమునందును జాక్సనునకే అధిక సంఖ్యాకములైన ఓట్లు పడెను. కాని నలుగురు పోటీదారులలో ఎవరికిని నిర్వాచక గణమున సగమునకు మించి రానందున నిర్ణయము ప్రతినిధుల సభకు పోయెను. సభ ఆడమ్స్‌ను ఎన్నుకొనెను. తొలి జోస్యము ప్రజలవిషయమున నిజమై, పదవివిషయమున అబద్ధమైనదన్నమాట! ఈ విద్యను ఆరంభ దినమునందే ఇట్టి విధి వెన్నాడినది.

పందొమ్మిదవ శతాబ్దమున శకునములకు గౌరవము హెచ్చు. మెయిన్ రాష్ట్రము తన గవర్నరును దేశముకంటె ముందుగా సెప్టెంబరులోనే ఎన్నుకొనుచుండెడిది గనుక మెయిన్ పోయిన దారినే దేశమును పోవునని లోకోక్తి ఏర్పడెను. 1936లో అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్వెల్ట్ మెయిన్, వెర్మాంట్ రాష్ట్రములు తప్ప తక్కిన నలువదియారింటిని గెలిచినపుడు, ఆయన ప్రచార సారథియైన జేమ్స్ ఫార్లే, మెయిన్ పోయిన దారిని వెర్మాంట్ పోవునని ఆ లోకోక్తిని సవరించెను. నాటితో అది నోరుమూసికొన్నది. ఇండియానా రాష్ట్రమునందలి వీగో జిల్లా 1888 మొదలు 2016 వరకు 1908, 1952 సంవత్సరములలో మాత్రమే విజేతను తప్పి, 2020లో ఓడినవానివైపు మొగ్గి తన కీర్తిని పోగొట్టుకొనెను. న్యూహాంప్‌షైర్ కొండలలో డిక్స్‌విల్ నాచ్ అను చిన్న పల్లె కలదు. 1960 మొదలు అచ్చటివారు పోలింగు దినము అర్ధరాత్రి గడియారము పన్నెండు కొట్టగనే ఓట్లు వేసి, నిమిషములలో లెక్కించి, లోకమునకు ప్రకటింతురు. 2024లో అచ్చట పడిన ఓట్లు ఆరు; మూడు ట్రంపునకు, మూడు హారిస్‌నకు. ఇట్టివానిని శాస్త్రమని ఎవరును అనరు, కాని టెలివిజనువారు ఆ పల్లెకు వెళ్లుట మానలేదు. వాషింగ్టన్ ఫుట్‌బాల్ జట్టు ఎన్నికకు ముందటి సొంతగడ్డ ఆటలో గెలిచినచో అధికారపక్షమునకు గెలుపని 1940 నుండి 2000 వరకు సరిపోయిన సూత్రము 2004లో బెడిసికొట్టెను. వేయి కాకతాళీయములను వెదకినచో అందొకటి అరువదియేండ్లు నిలుచుట వింతగాదు.

ఈ విద్య చరిత్రలో మిక్కిలి ప్రసిద్ధమైన పరాభవము *లిటరరీ డైజెస్ట్* అను వారపత్రికది. 1916 నుండి ఆ పత్రిక దేశమంతటికిని నమూనా ఓటుపత్రములను తపాలాలో పంపి, తిరిగివచ్చినవానిని లెక్కించి, విజేతను ముందుగా ప్రకటించుచుండెను. వరుసగా ఐదు ఎన్నికలలో దాని మాట నిజమగుటచే, దానిని కాదనుటకు రాజకీయవేత్తలే జంకుచుండిరి. 1936లో రూజ్వెల్ట్ రెండవ మారు నిలిచెను. ప్రత్యర్థి కాన్సాస్ గవర్నరు ఆల్ఫ్రెడ్ లాండన్. పత్రిక సుమారు కోటి ఓటుపత్రములను పంపెను. టెలిఫోను డైరెక్టరీలనుండియు, మోటారు కార్ల రిజిస్ట్రేషను పట్టికలనుండియు, మరికొన్ని జాబితాలనుండియు చిరునామాలు సేకరింపబడెను. ఇరువది మూడు లక్షలకు పైగా పత్రములు తిరిగివచ్చెను. లాండనునకు 12,93,669, రూజ్వెల్టునకు 9,72,897 అని అక్టోబరు 31 సంచికలో తుది లెక్క వెలువడెను. నిర్వాచక గణమున లాండనునకు 370 ఓట్లు రాగలవని పత్రిక సూచించెను. మూడు దినముల పిమ్మట లాండనునకు వచ్చినవి ఎనిమిది. రూజ్వెల్టునకు 523. రెండేండ్లు తిరుగకమునుపే ఆ పత్రిక *టైమ్* పత్రికలో లీనమైపోయెను.

కార్లును టెలిఫోన్లును గలవారు సంపన్నులు, సంపన్నులు రూజ్వెల్టును సైపనివారు, కాబట్టి లెక్క తప్పెను అనునది పాఠ్యగ్రంథములన్నిటిలో కన్పట్టు సమాధానము. అది కొంతవరకే నిజము. షికాగో నగరమున ఆ పత్రిక టెలిఫోను పట్టికలతో తృప్తిచెందక, నమోదైన ఓటర్లలో ప్రతి మూడవవానికిని పత్రము పంపియుండెను. అంటే అచ్చట పేద యని ధనికుడని భేదము లేదు. ఐనను అందుకొన్నవారిలో సుమారు ఐదింట ఒకరు మాత్రమే బదులు పంపిరి. ఆ పంపినవారిలో సగమునకు పైగా లాండన్ పక్షమువారు. పోలింగున అదే నగరము రూజ్వెల్టునకు ఒకటికి రెండు చొప్పున ఓట్లు కుమ్మరించెను. పత్రము చేతికి అందినను దానిని చింపి పారవేసినవాడు వేరు, పట్టుదలతో పూరించి తపాలాపెట్టెలో వేసినవాడు వేరు. అధ్యక్షునిపై కోపము గలవారికే ఆ పట్టుదల హెచ్చుగా నుండెను. పత్రము అందుకొన్న ప్రతివాడును బదులిచ్చియుండినచో ఆ పత్రిక కనీసము విజేత పేరైనను సరిగా చెప్పియుండెడిదని, గాలప్ సంస్థ 1937లో జరిపిన విచారణ వివరములను పునఃపరిశీలించి పెవరిల్ స్క్వయర్ అను రాజనీతిశాస్త్రజ్ఞుడు 1988లో నిరూపించెను.

ఆ పరాభవమే జార్జి గాలప్‌నకు పట్టాభిషేకమైనది. 1935లో ప్రిన్స్‌టన్ పట్టణమున అమెరికన్ ప్రజాభిప్రాయ సంస్థను స్థాపించిన ఈయన, తాను ఎన్నుకొన్న కొన్ని వేలమందిని అడిగి రూజ్వెల్ట్ గెలుచుననుట మాత్రమే గాక, డైజెస్ట్ ఎట్టి తప్పుడు సంఖ్యను ప్రకటింపబోవుచున్నదో కూడ, ఆ పత్రిక తన పత్రములను పంపకమునుపే, జూలై మాసమున వార్తాపత్రికలలో వ్రాసెను. ఆ సంఖ్య ఇంచుమించుగా అట్లే వచ్చెను. అన్నము ఉడికినదో లేదో ఒక మెతుకు పట్టి చూచిన తెలియునని మన యిల్లాండ్రు ఎరిగిన సూత్రమే గాలప్ సూత్రము. కాని కుండను అడుగంట కలియబెట్టి పట్టిన మెతుకు కావలెను, పైనున్నది చేతికందినది కదాయని పట్టిన మెతుకు పనికిరాదు. వేయిమందిని యాదృచ్ఛికముగా ఎన్ని అడిగినచో వచ్చు శాతము యథార్థమునకు ఇరువైపుల సుమారు మూడు శాతములోపు ఉండునని సంభావ్యతా గణితము ఇరువదింట పందొమ్మిది పర్యాయములకు హామీ యిచ్చుచున్నది. గాలప్‌ను పొగడువారు ఒక సంగతి మరతురు: ఆయన రూజ్వెల్టునకు సుమారు 56 శాతము చెప్పగా వచ్చినది దాదాపు 61. విజేత పేరు సరిపోయినచో అంకెలోని తప్పును లోకము క్షమించును.

1948లో ఆ క్షమ లభింపలేదు. అధ్యక్షుడు హారీ ట్రూమన్‌పై న్యూయార్కు గవర్నరు థామస్ డ్యూయీ నిలిచిన ఆ యెన్నికలో గాలప్, ఎల్మో రోపర్, ఆర్చిబాల్డ్ క్రాస్లీ అను మువ్వురు సర్వే ప్రముఖులును డ్యూయీ విజయమును నిశ్చయించిరి. రోపర్ అయితే సెప్టెంబరు ఆరంభముననే ఇక అడుగనక్కరలేదని తన విచారణలను చాలించెను. *న్యూస్‌వీక్* పత్రిక ఏబదిమంది రాజకీయ విలేఖరులను అడుగగా ఏబదిమందియు డ్యూయీ పేరే చెప్పిరి. గాలప్ తుది అంచనా డ్యూయీకి 49.5, ట్రూమన్‌నకు 44.5 శాతము, ఫలితము ఇంచుమించుగా తలక్రిందులై ట్రూమన్‌నకు 49.6, డ్యూయీకి 45.1 వచ్చెను. *షికాగో ట్రిబ్యూన్* కార్యాలయమున కంపోజిటర్ల సమ్మె నడుచుచున్నందున సంచికను మామూలుకంటె ముందుగా అచ్చునకు పంపవలసి వచ్చినది; వాషింగ్టను విలేఖరి ఆర్థర్ హెన్నింగ్ మాటను నమ్మి, డ్యూయీ చేతిలో ట్రూమన్ ఓడెనని పతాకశీర్షిక పెట్టి సంచికను విడిచిరి. రెండు దినముల తరువాత సెయింట్ లూయిస్ రైల్వే స్టేషనులో రైలుపెట్టె వెనుక వాకిట నిలిచి ట్రూమన్ ఆ పత్రికను రెండు చేతులతో ఎత్తిపట్టి నవ్వుచున్న ఛాయాచిత్రమును చూడని పాత్రికేయ విద్యార్థి ఉండడు.

దీనిపై సాంఘికశాస్త్ర పరిశోధనా మండలి నియమించిన సంఘము దోషములను వెలికితీసెను. నాడు వాడుకలోనుండిన కోటా పద్ధతిలో ఇందరు పురుషులు, ఇందరు స్త్రీలు, ఈ వయసువారు ఇందరు అని లెక్క పైనుండి వచ్చునుగాని, వీధిలో ఎవరిని ఆపి అడుగవలెనో నిర్ణయించువాడు ప్రశ్నలడుగ వచ్చిన యువకుడే. అతడు సహజముగా చక్కని దుస్తులు ధరించినవానిని, మర్యాదగా బదులు చెప్పునట్లు కన్పట్టినవానిని ఆపును. కుక్క మొరుగు ఇంటి మెట్లెక్కడు. ఇది మొదటి దోషము. చివరి రెండు వారములలో జరిగిన మార్పును పట్టుకొనకపోవుట రెండవది. నాటినుండి సర్వే సంస్థలు యాదృచ్ఛిక నమూనాలకు మారెను, పోలింగు ముందునాటి వరకును అడుగుట మానకుండెను.

1952లో యంత్రము రంగమున ప్రవేశించినది. సీబీఎస్ టెలివిజనువారు యూనివాక్ అను కంప్యూటరును ఎన్నికల రాత్రి వినియోగింప నిశ్చయించిరి. యంత్రము ఫిలడెల్ఫియాలో ఉండెను; న్యూయార్కు స్టూడియోలో దాని సమక్షమునకు గుర్తుగా దీపములు మిణుకుమిణుకుమను ఉత్త పెట్టె యొకటి నిలుపబడెను. అన్ని సర్వేలును ఐసెన్‌హోవర్, స్టీవెన్సన్‌ల మధ్య పోటీ హోరాహోరీ అని చెప్పియుండగా, సుమారు ముప్పది లక్షల ఓట్లు లెక్కకు వచ్చిన వేళకే యూనివాక్ ఐసెన్‌హోవర్‌నకు 438, స్టీవెన్సన్‌నకు 93 అని తేల్చి, గెలుపునకు నూటికొకటి పందెము కట్టవచ్చునని అచ్చువేసి యిచ్చెను. యజమానులకు గుండె చాలలేదు. యంత్రమునకు మతి తప్పినదని తలంచి, లెక్కలోని సంఖ్యలను సవరించి, పోటీ సమముగానున్నట్లు పలికించిరి. అర్ధరాత్రి వేళకు వాస్తవము తెలిసిన పిమ్మట యంత్రము మొదటనే సరిగా చెప్పినదనియు తామే దాచితిమనియు ప్రేక్షకులకు విన్నవించుకొనవలసి వచ్చినది. తుది ఫలితము 442, 89. జోస్యము నిజమైనపుడు దానిని నమ్మువాడు లేకపోవుట ఈ చరిత్రలో ఇదొక్కటే వింత.

పోలింగు కేంద్రమునుండి వెలుపలికి వచ్చువారిని అడుగు ఎగ్జిట్ పోల్ పద్ధతి 1967లో వారెన్ మిటోఫ్స్కీ చేతులలో రూపొందెను. దాని వేగమునకు 1980 ఉదాహరణము: తూర్పుతీరపు గడియారము రాత్రి ఎనిమిదింబావు చూపువేళకే ఎన్‌బీసీవారు రీగన్‌ను విజేతగా ప్రకటించిరి, పడమటి తీరమున ఇంకను ఓట్లు పడుచుండగనే కార్టర్ ఓటమిని అంగీకరించెను. దాని తొందరపాటునకు 2000 ఉదాహరణము: ఫ్లోరిడాను మొదట గోర్‌నకిచ్చి, వెనుకకు తీసికొని, తెల్లవారుజామున బుష్‌నకిచ్చి, మరల వెనుకకు తీసికొనిరి. ఆ రాష్ట్రమున తుదకు తేలిన వ్యత్యాసము 537 ఓట్లు. దానిని ముందుగా చెప్పగల సర్వే లోకమున ఎన్నడును ఉండబోదు.

ప్రజలను అడుగక, వారి పరిస్థితులను బట్టియే ఫలితము చెప్పవచ్చునను వారు మరియొక శాఖ. యేల్ విశ్వవిద్యాలయ ఆర్థికవేత్త రే ఫెయిర్ 1978లో ప్రకటించిన సమీకరణము ఆర్థికాభివృద్ధిని, ధరల పెరుగుదలను, అధికారపక్షము గద్దెపైనున్న కాలమును ప్రధానముగా గైకొనును. అది 1992లో పెద్ద బుష్ గెలుచునని చెప్పి తప్పెను. చరిత్రకారుడు ఆలన్ లిక్ట్‌మన్ 1981లో వ్లాదిమిర్ కెయిలిస్-బొరోక్ అను రష్యను భూభౌతిక శాస్త్రజ్ఞునితో కలిసి తాళపుచెవులు అను పేర పదుమూడు నిబంధనలను రూపొందించెను. భూకంపములను ముందుగా పసిగట్టుటయే ఆ రష్యనుని వృత్తి. ప్రభుత్వము నిలుచుటయా కూలుటయా అన్నదే ప్రశ్నగాని ఏ అభ్యర్థి ఎన్ని సభలు జరిపెననుట ప్రశ్నగాదని ఆ యిరువురు భావించిరి. పదుమూడింట ఆరో, అంతకు మించియో అధికారపక్షమునకు ప్రతికూలించినచో ఆ పక్షము ఓడును. 2016లో ట్రంప్ గెలుచునని చెప్పిన కొద్దిమందిలో లిక్ట్‌మన్ ఒకడు; 2024లో హారిస్ గెలుచునని చెప్పి చెడెను. నాలుగేండ్లకొక్కటి చొప్పున దొరకు ఎన్నికలు ఇరువదియో ముప్పదియో మాత్రమేయైనపుడు, పదుమూడు నిబంధనలను గతమునకు అతికించుట కష్టముగాదు. భవిష్యత్తునకు అతుకుటయే కష్టము.

పందెములకు వత్తము. ఇరువదవ శతాబ్దపు తొలి దశకములలో న్యూయార్కు వాల్ స్ట్రీటు దళారులు అధ్యక్ష ఎన్నికపై బాహాటముగా పందెములు నడుపగా, ఆ ధరలను పత్రికలు దినదినము ప్రకటించెడివి. సర్వేలు వచ్చిన పిమ్మట వానికి విలువ తగ్గెను. 1988లో ఐయోవా విశ్వవిద్యాలయమువారు చిన్న మొత్తములతో పరిశోధనార్థము ఒక విపణిని తెరచిరి. 2024లో పాలీమార్కెట్, కాల్షీ అను విపణులలో పెద్ద మొత్తములే చేతులు మారెను. సర్వేలు సరిసమానమనుచున్న దినములలో అచ్చటి ధరలు ట్రంప్‌వైపు మొగ్గెను. ఒక్క ఎన్నికలో నిజమైనంతమాత్రమున పందెగానికి దివ్యదృష్టి కలదనుట తొందరపాటు.

ఇటీవలి కాలమున సర్వేలన్నింటిని పోగుచేసి, ఒక్కొక్కదాని పూర్వపు నడవడిని బట్టి బరువు కట్టి, గెలుపునకు గల అవకాశమును శాతములలో చెప్పు పద్ధతికి నేట్ సిల్వర్ పేరు తెచ్చెను. ఆయన 2008లో ఏబది రాష్ట్రములలో నలువదితొమ్మిదింటిని, 2012లో ఏబదింటిని సరిగా చెప్పగనే జనులు ఆయనను మాంత్రికునిగా భావింపజొచ్చిరి. 2016లో ఆయన లెక్క క్లింటనునకు 71, ట్రంపునకు 29 అవకాశముల పాళ్లు చూపెను. *న్యూయార్క్ టైమ్స్* క్లింటనునకు 85, *హఫింగ్టన్ పోస్ట్* 98 ఇచ్చిరి. మిషిగన్, విస్కాన్సిన్, పెన్సిల్వేనియా మూడింట కలిపి 78,000కు లోబడిన ఓట్లతో ట్రంప్ గద్దెనెక్కెను. వానలు కురియుటకు నూటికి ముప్పది పాళ్లు అవకాశమున్నదని విని గొడుగు తీసికొని పోవువాడే, ముప్పది పాళ్ల ట్రంపును మాత్రము అసంభవమని తలంచెను. అవకాశమునకు, ఓట్ల శాతమునకు గల భేదము చదువరులకు తెలియలేదు. నిజమునకు దేశవ్యాప్త సర్వేలు ఆ యేడు ఒకటి రెండు శాతములకు మించి తప్పలేదు. తప్పు రాష్ట్రముల సర్వేలలో. కాలేజీ చదివినవారు ప్రశ్నలకు బదులిచ్చుటలో ముందుందురు. చదువనివారు తలుపు తీయరు. ఆ యేడు ఈ రెండవ తెగ పెద్దమొత్తమున ట్రంప్‌వైపు తిరిగియుండగా, పెక్కు రాష్ట్ర సర్వేలు చదువును బట్టి పాళ్లు సవరించుకొనలేదు.

2020లో ఆ సవరణ చేసిరి. ఐనను దేశవ్యాప్త సర్వేల దోషము నలువదియేండ్లలో ఎన్నడును లేనంత పెరిగెనని సర్వేలు జరుపువారి వృత్తిసంఘమే నివేదించెను. బైడెన్ గెలుచుననుట నిజమే. కాని చెప్పినంత ఆధిక్యము రాలేదు. 1997లో ప్యూ పరిశోధన కేంద్రము ఫోను చేసినచో నూటికి 36 మంది బదులిచ్చెడివారు. 2018 నాటికి ఆరుగురు. మిగిలిన తొంబదినలుగురును ఈ ఆరుగురివలెనే ఆలోచింతురనుటకు ప్రమాణమేమి? మన కల్యంపూడి రాధాకృష్ణారావు, వాల్తేరు ఆంధ్ర విశ్వకళాపరిషత్తున గణితము చదివి, ఇరువదియైదేండ్ల వయసున 1945లో ప్రకటించిన అసమీకరణము, అంచనాలోని చాంచల్యము ఎంత నేర్పుతోనైనను ఒక హద్దుకంటె తగ్గదని చాటినది. అయితే ఆ సూత్రపు సామాన్యరూపము పక్షపాతము లేని అంచనాలకు వర్తించునది. మాటలాడని తొంబదినలుగురు కల్పించు పక్షపాతమునకు హద్దు చూపు సూత్రము లేదు. ఆ మహనీయుడు తన వార్ధక్యమున చాల కాలము అధ్యాపకత్వము నెరపిన రాష్ట్రము పెన్సిల్వేనియా. ప్రతి ఎన్నికలోను జోస్యులకు నిద్ర లేకుండజేయు రాష్ట్రము అదియే.

ఐయోవాలో దశాబ్దములుగా సర్వేలు జరిపి, ఎవరు ఏమన్నను తనకు వచ్చిన అంకెను దిద్దక ప్రకటించు ధైర్యమునకు పేరుపడినది ఆన్ సెల్జర్. 2024 పోలింగునకు మూడు దినముల ముందు *డెమాయిన్ రిజిస్టర్* పత్రికలో ఆమె వెలువరించిన అంకె ఆ రాష్ట్రమున హారిస్‌నకు మూడు శాతము ఆధిక్యము చూపగా దేశము దిగ్భ్రమ చెందెను. ట్రంప్ అచ్చట పదుమూడు శాతముతో గెలిచెను. ఆ వారముననే తక్కిన సంస్థలు ఊగిసలాడు ఏడు రాష్ట్రములలోను ఒకరి అంకెకొకరు దగ్గరగా, పోటీ సమానమని చెప్పుచుండుటను గమనించి, గుంపునుండి విడివడుటకు భయపడి కొందరు తమ లెక్కలను సవరించుకొనుచున్నారని సిల్వర్ నిందించెను. ఏడు రాష్ట్రములును ట్రంపువే యయ్యెను: నిర్వాచక గణమున 312, 226, ప్రజల ఓట్లలో తేడా ఒకటిన్నర శాతము. ఏకాకిగా నిలిచిన సెల్జర్ తప్పినది, గుంపులో నిలిచినవారు అంతగా తప్పలేదు. ఐనను ఈ రచయితకు గౌరవము సెల్జర్ మీదనే. దిద్దిన అంకె ఎంత సరియైనను ఓటరును గూర్చి ఏమియు చెప్పదు.

రాబోవు ఎన్నిక 2028 నవంబరు 7వ తేదీన జరుగును. 2020 జనాభా లెక్కల ప్రకారము ఏర్పడిన పంపకమే దానికిని వర్తించును: కాలిఫోర్నియా 54, టెక్సాస్ 40, ఫ్లోరిడా 30 ఎలక్టర్లు. 1951లో ఆమోదము పొందిన ఇరువది రెండవ రాజ్యాంగ సవరణముచే ఎవడును రెండు పర్యాయములకు మించి అధ్యక్షుడుగా ఎన్నిక కారాదు గనుక ట్రంప్ మరల ఎన్నికగుటకు వీలులేదు. గద్దెపైనున్న అధ్యక్షుడే పోటీచేయుట అధికారపక్షమునకు అనుకూలమని లెక్కించు లిక్ట్‌మన్ పట్టికలో ఆ తాళపుచెవి ఇప్పటికే ప్రతికూలముగా తిరిగియున్నది. తక్కిన పన్నెండింటిలో పెక్కు, ఆ యేటి ఆర్థికస్థితియు ఇరుపక్షముల అభ్యర్థులును తేలువరకు, తెలియరానివి.